కొట్టుగదిలో ఆఫీసు

అమలాపురం దగ్గర మా ఊళ్లో ఇంటి నుంచి పని మొదలుపెట్టినప్పుడు వీధరుగు మీదే కూర్చున్నాను. దారిన పోయే ప్రతివాళ్లూ "ఏవండీ, సెలవా?" అని పలకరించడమే. మూడో రోజుకే కొట్టుగదిలోకి మారాను.

ముందు కరెంటు సంగతి చూసుకోండి. ఇన్వర్టర్ లేకపోతే రౌటర్‌కి మినీ యూపీఎస్ చాలు, అంటే కరెంటు పోయినా దాన్ని నడిపే చిన్న బ్యాటరీ పెట్టె. చాలా రౌటర్లు 12 వోల్టులవే, అయినా అడాప్టర్ మీద రాసింది చూసి మరీ కొనండి. ఉరిమితే మాత్రం ప్లగ్గులన్నీ పీకేయడమే.

బల్లని కిటికీకి పక్కవాటుగా వేయండి. కిటికీ ఎదురుగా ఉంటే కళ్లు చెదురుతాయి, వెనక ఉంటే స్క్రీన్ నిండా కొబ్బరాకుల నీడలే. నాది అమ్మమ్మ నాటి భోజనాల బల్ల, 30 అంగుళాల ఎత్తు. కుర్చీ పెంచితే చేతులు కుదిరాయి కానీ కాళ్లు నేలకి ఆనలేదు. రెండు ఇటుకలు గోనెపట్టాలో చుట్టి కింద పెట్టాను, ఇప్పటికీ అవే. లాప్‌టాప్ కింద పీట వేస్తే స్క్రీన్ పైఅంచు కంటి ఎత్తుకొచ్చింది. అప్పుడు కీబోర్డు, మౌస్ విడిగా కొనక తప్పదు.

మా వైపు వానాకాలంలో గోడలు చెమ్మెక్కుతాయి. బల్లకీ గోడకీ మధ్య జానెడు ఖాళీ వదలండి. వైర్లు నేల మీద వదిలేయకండి; నా ఛార్జర్ ఒకటి ఎలుకలు కొరికేశాయి.