ఎక్స్‌రేలో గుండె పెద్దగా కనిపిస్తే: ఏ గది పెరిగింది?

సమస్య: గుండె వెడల్పు ఛాతీ లోపలి వెడల్పులో సగం దాటింది.

తప్పు చాలాసార్లు ఫిల్మ్‌ది. పేషెంట్‌ను పడుకోబెట్టి తీసిన ఏపీ (కిరణాలు ముందు నుంచి వెనక్కి పోయే) ఫిల్మ్‌లో గుండె ఉన్నదానికన్నా పెద్దగా పడుతుంది. ఊపిరి నిండా పీల్చకపోయినా అంతే. డయాఫ్రమ్ (ఛాతీకీ పొట్టకూ మధ్య కండర పొర) పైన ముందు పక్కటెముకలు ఆరు లెక్కకు వచ్చాయా, మనిషి పక్కకు తిరగకుండా నిలబడ్డారా చూడండి. అనుమానమైతే నిలబెట్టి పీఏ (కిరణాలు వెనక నుంచి ముందుకు పోయే ఫిల్మ్) తీయించండి. నెలల పిల్లల్లో గుండె వెడల్పు ఛాతీ వెడల్పులో 0.6 వంతు వరకూ ఉన్నా మామూలే. ఇవేవీ చూడకుండా చీటీ మీద ‘కార్డియోమెగాలి’ (గుండె పెరిగింది) అని రాస్తే ఆ ఇంట్లో ఆ రాత్రి ఎవరికీ నిద్ర ఉండదు.

సమస్య: వెడల్పు మామూలే, కానీ కుడి అంచు దగ్గర నీడలో నీడ.

ఇది ఎడమ కర్ణిక. ఎక్స్‌రే బాగా పట్టిచ్చే గది ఇదేనని నా అభిప్రాయం. ఎడమ అంచులో ఉండాల్సిన పల్లం పూడిపోయి గీత గీసినట్టుంటుంది, లేదా ఉబ్బుతుంది. శ్వాసనాళం రెండుగా చీలే చోట కోణం 90 డిగ్రీలు దాటుతుంది. ఎడమ బ్రాంకస్ (శ్వాసనాళపు ఎడమ కొమ్మ) మధ్య నుంచి ఆ లోపలి నీడ అంచుకు 7 సెంటీమీటర్లు మించితే అనుమానం బలపడుతుంది. మన దగ్గర పడుచువాళ్లలో ఇలా కనబడితే మొదట తలచుకోవాల్సింది రుమాటిక్ జ్వరం, దాని వల్ల ఇరుకైన మైట్రల్ కవాటం. ఎకో (గుండె స్కాన్), ఈసీజీ చేయించండి. గర్భిణి ఆయాసపడుతుంటే ఎక్స్‌రే కోసం ఆగకుండా నేరుగా ఎకోకే పంపండి. రక్తం తక్కువనుకుని ఐరన్ మాత్రలిచ్చి ఇంటికి పంపితే ప్రాణం మీదికి రావచ్చు.

సమస్య: గుండె కొన జరిగింది.

కిందికీ ఎడమకూ దిగితే ఎడమ జఠరిక. లీకయ్యే కవాటాలు, బలహీనపడ్డ గుండె కండరం కారణాలు. కొన పైకి లేచి, పక్క నుంచి తీసిన ఫిల్మ్‌లో రొమ్ము ఎముక వెనక ఖాళీ నిండితే కుడి జఠరిక. ఊపిరితిత్తుల రక్తపోటు, కర్ణికల మధ్య రంధ్రం వెతకండి. ఒక్క చిక్కుంది: బీపీ వల్ల గోడ మందమైనా గది సాగకపోతే ఎక్స్‌రే మామూలుగానే ఉంటుంది.

సమస్య: గుండె నీడ రెండు వైపులా కుండలా ఉబ్బింది.

గది పెరగలేదేమో, గుండె పొరలో నీరు చేరిందేమో చూడాలి. బీపీ పడిపోయి మెడ నరాలు ఉబ్బి ఉంటే ఇంకో ఫిల్మ్ తీయిస్తూ కూర్చోకండి. వెంటనే ఎకో చేసి, నీరు తీయగలిగే చోటికి చేర్చండి.