సుడిదోమ: మొదట్లో లెక్క, మొదట్లోనే మందు

వరిలో సుడిదోమ ఆకుల మీద కనిపించదు. నీటికి కాస్త పైన, దుబ్బు మొదట్లో గుంపుగా చేరి రసం పీలుస్తుంది. గట్టు మీద నిలబడి చూస్తే పైరు పచ్చగానే ఉంటుంది. పైరు గుండ్రంగా ఎండి సుడులు కనపడేసరికి ఆ మేర పంట పోయినట్టే.

నాటిన నెల నుంచి వారానికోసారి పొలంలోకి దిగండి. గట్టు పక్క వరసలు వదిలేసి, మూల నుంచి మూలకు నడుస్తూ 20 దుబ్బులు చూడాలి. ఏపైనవి ఏరుకోవద్దు, ఇన్ని అడుగులకు ఒకటని పెట్టుకోండి. దుబ్బును వంచి రెండు మూడుసార్లు తడితే దోమలు నీటి మీద పడతాయి. నీరు లేకుంటే తెల్ల పళ్లెం పట్టండి. పిల్లవి, పెద్దవి అన్నీ లెక్కే. పొట్టి రెక్కల ఆడదోమలు ఎక్కువైతే ముప్పు దగ్గర్లో ఉన్నట్టు, అవి ఎగిరిపోకుండా అక్కడే గుడ్లు పెడతాయి.

పచ్చగా, చురుగ్గా పరుగెత్తే మిరిడ్ నల్లిని మాత్రం ఈ లెక్కలో కలపొద్దు. సుడిదోమలాగే హెమిప్టెరా వర్గానిదే, నోరూ పీల్చేదే. కాకపోతే ఇది పీల్చేది దోమ గుడ్లను, పిల్లలను.

దుబ్బుకు సగటున పిలక దశలో 10–15, ఈనిన తర్వాత 20–25 దాటితే మందు కొట్టాలి. హద్దుకు దగ్గర్లో ఉండి మిరిడ్‌లు, సాలీళ్లు దండిగా కనపడితే మూడు రోజులాగి మళ్లీ లెక్కపెట్టడం మేలు.

ముందు నీరు తీసేయండి. ఎకరాకు 200 లీటర్ల నీటిలో బుప్రోఫెజిన్ 25 ఎస్‌సి 320 మి.లీ. లేదా పైమెట్రోజిన్ 50 డబ్ల్యూజి 120 గ్రా. కలిపి, నాజిల్ కిందికి పెట్టి మొదళ్లు తడిసేలా కొట్టాలి. పైపైన కొడితే డబ్బు దండగ. బుప్రోఫెజిన్ పిల్లదోమలను కుబుసం విడిచే వేళ చంపుతుంది, పెద్దవి వెంటనే చావవు. పైమెట్రోజిన్ తిండి మాన్పిస్తుంది. మర్నాడు దోమలు బతికే ఉన్నాయని ఇంకో మందు కొట్టడమే చాలాచోట్ల జరిగే పొరపాటు. అది సైపర్‌మెత్రిన్ లాంటి పైరిత్రాయిడ్ అయితే మిరిడ్‌లు, సాలీళ్లు పోయి దోమ రెట్టింపై లేస్తుంది.

వచ్చే పంటకు నాట్లప్పుడే ప్రతి 2 మీటర్లకు 20 సెం.మీ. కాలిబాట వదలండి, మొదళ్లకు గాలీ వెలుతురూ తగులుతాయి, పిచికారీకి దారీ ఉంటుంది. యూరియా ఒకేసారి కుమ్మరించొద్దు. వరి రకాల్లో సాంబ మసూరికి దోమ తేలిగ్గా పడుతుంది. విజేత, కాటన్‌దొర సన్నాలు కొంత తట్టుకుంటాయి, అయినా దుబ్బు తట్టి చూడటం మానకండి.