పడక అలంకరణ – 3వ పాఠం: దుప్పటి ఎంత వేలాడాలి?

కిందటి పాఠంలో బెడ్‌షీట్‌ను బిగుతుగా పరిచి, మూలలు మడిచి పరుపు కిందికి దోపడం నేర్చుకున్నాం. అది చేతికి అలవాటయ్యాకే ఈ పాఠం మొదలుపెట్టండి. అడుగున ముడత ఉంటే పైన ఎంత మంచి దుప్పటి వేసినా ఆ ముడత ఉబ్బెత్తుగా కనబడుతూనే ఉంటుంది.

ఈరోజు మన చేతిలో రెండు వస్తువులుంటాయి. ఒకటి మంచం మొత్తాన్ని కప్పే బ్లాంకెట్. రెండోది త్రో, అంటే ఒక మనిషి ఒంటి మీద వేసుకోవడానికి సరిపోయే చిన్న దుప్పటి. త్రోలు చాలావరకు 50 అంగుళాల వెడల్పు, 60 అంగుళాల పొడవు ఉంటాయి. ఈ రెండు అంకెలూ గుర్తుంచుకోండి, పాఠమంతా వీటి చుట్టూనే తిరుగుతుంది.

నేను మొదట్లో రంగు చూసి ముచ్చటపడి ఒక త్రో తెచ్చుకున్నాను. మంచం మీద అడ్డంగా వేస్తే సరిగ్గా ఆ అంచు నుంచి ఈ అంచుకు వచ్చి ఆగిపోయింది. ఎటు జరిపినా పొట్టిబట్టలాగే కనబడింది. తప్పు త్రోది కాదు, నేను కొలత చూడలేదు. నా పరుపు వెడల్పు 60 అంగుళాలు, త్రో పొడవూ 60. పక్కలకు వేలాడడానికి ఏమీ మిగల్లేదు. మంచం మీద వేసిన దుప్పటి నిండుగా కనబడాలంటే రంగు కన్నా ముందు చూడాల్సింది ఇదే: పక్కకు ఎంత దిగుతోంది?

లెక్క చాలా తేలిక. దుప్పటి కొలతలోంచి పరుపు వెడల్పు తీసేసి, మిగిలినదాన్ని సగం చేయండి. ఒక్కో పక్కన అంత వేలాడుతుంది. దాన్ని పరుపు మందంతో పోల్చి చూడండి. వేలాడే భాగం పరుపు మందాన్ని దాటి ఇంకో నాలుగైదు అంగుళాలు కిందికి రావాలి. పరుపు పక్క మధ్యలో ఆగిపోతే గుడ్డ చాలలేదనిపిస్తుంది. నేలకు తగిలితే దుమ్ము పడుతుంది, నడిచేటప్పుడు కాలికి చుట్టుకుంటుంది.

ఇప్పుడు మొదటి పద్ధతి, మడత పట్టీ. 60 అంగుళాల వెడల్పు, 10 అంగుళాల మందం ఉన్న పరుపు అనుకుందాం. బ్లాంకెట్ 90 అంగుళాల చదరం. దాన్ని మూడు మడతలు వేస్తే 30 అంగుళాల వెడల్పు, 90 అంగుళాల పొడవున్న పట్టీ వస్తుంది. మంచానికి అడ్డంగా, కాళ్ల వైపు పరిస్తే ఒక్కో పక్కన 15 అంగుళాలు దిగుతుంది. పరుపు మందం పోను ఇంకా 5. సరిగ్గా మనకు కావలసినంత.

మడవడంలో ఒక మెళకువ ఉంది. బ్లాంకెట్‌ను నేల మీదో మంచం మీదో పరిచి, ఒక వైపు మూడో వంతును మధ్య భాగం మీదికి తీసుకురండి. రెండో వైపుది దాని మీదికి మడవండి. ఇప్పుడు పైన ఒక కుట్టు అంచు బయటికి కనబడుతుంది. అక్కడితో ఆపకుండా మొత్తం పట్టీని తిరగేయండి. మధ్య భాగం పైకి వస్తుంది, రెండు వైపులా నున్నటి మడతలే ఉంటాయి, కుట్టు అంచు అడుక్కి పోతుంది. ఈ ఒక్క తిరగేయడంతో పట్టీ తీరుగా కనబడుతుంది. ఒకే వైపు డిజైన్ ఉన్న బ్లాంకెట్ అయితే డిజైన్ వైపు నేలకు తగిలేలా పరిచి మొదలుపెట్టండి.

పట్టీని మంచం చివరి అంచుకు ఆనించకండి. ఆరు అంగుళాలు వదిలితే అడుగునున్న బెడ్‌షీట్ రంగు పట్టీకి రెండు వైపులా కనబడుతుంది, పట్టీ తేలి కనిపిస్తుంది. వేశాక అరచేతిని మధ్య నుంచి పక్కలకు లాగుతూ నిమరండి. పక్కల నుంచి మధ్యకు నిమిరితే గుడ్డంతా నడుమ పోగవుతుంది.

రెండో పద్ధతి చిన్న త్రో కోసం. నా పొట్టి త్రోకు దారి చూపించింది ఇదే. 50, 60 అంగుళాల త్రోను మూల నుంచి ఎదురు మూలకు కొలిస్తే సుమారు 78 అంగుళాలు వస్తుంది! అడ్డంగా చాలని గుడ్డే ఐమూలగా చాలుతుంది. ఎదురెదురు మూలలు రెంటినీ రెండు చేతులతో పట్టుకుని పైకెత్తండి. మిగతా గుడ్డ దానంతటదే కుచ్చిళ్లుగా జారుతుంది. అలాగే మంచం మీద అడ్డంగా దించండి. 60 అంగుళాల పరుపు మీద రెండు మొనలూ తొమ్మిదేసి అంగుళాలు కిందికి దిగుతాయి. పరుపు మందం 9 అంగుళాలలోపు ఉంటేనే మొనలు దాన్ని దాటతాయి. ఇంకా మందంగా ఉంటే త్రోను ఒక పక్కకు జరిపి, ఆ పక్క మొనను బాగా కిందికి దించి, రెండోదాన్ని పరుపు మీదే వదిలేయండి. ఒక పక్క నిండుగా దిగితే రెండో పక్క లోటు కనబడదు. సగంసగం దిగితే రెండు పక్కలా లోటే.

వేశాక కుచ్చిళ్లను మరీ సర్దకండి. రెండుసార్లు దించి చూడండి, నచ్చింది ఉంచేయండి. పదిసార్లు సర్దిన త్రో నలిగినట్టుంటుంది, జారినట్టుండదు. ఈ పద్ధతికి మెత్తగా, కొంచెం బరువుగా జారే గుడ్డ కావాలి. వదులు అల్లికది బాగుంటుంది. బిరుసు గుడ్డ మడతలు నిలబెడుతుంది, దాన్ని పట్టీకే వాడండి. శాటిన్ లాంటి జారుడు గుడ్డ అసలు నిలవదు, రాత్రికల్లా నేల మీద ఉంటుంది.

రంగు గురించి ఇప్పటికి రెండు మాటలు చాలు. బెడ్‌షీట్‌లో పెద్ద పూలో గళ్లో ఉంటే త్రో సాదాగా ఉండనివ్వండి, దాని రంగు ఆ పూలలోంచే తీసుకోండి. అంతా ఒకే రంగు కావాలంటే మాత్రం నేతలు మార్చండి: నున్నటి కాటన్ మీద గరుకు అల్లిక. ఒకే రంగు, ఒకే నేత రెండూ కలిస్తే త్రో ఉన్నట్టే తెలియదు.

అల్లిక త్రోలను తీగ మీద వేలాడదీసి ఆరబెట్టకండి, తడి బరువుకు సాగిపోతాయి. బల్లపరుపుగా పరిచి ఆరనివ్వండి. ఉన్నిని వేడినీళ్లలో వేసి రుద్దితే పోగులు ఒకదానికొకటి చిక్కుకుని కుంచించుకుపోతుంది, మళ్లీ సాగదు. ఇంకో మాట, ఇది అలంకరణ కన్నా ముఖ్యం: ఏడాది నిండని పాపాయి పడుకునే చోట దుప్పట్లు, త్రోలు వదులుగా ఉంచకండి. ముఖం మీద పడితే ఊపిరాడదు. ఈ పాఠం పెద్దల మంచానికే.

ఇక అభ్యాసం. టేపు తీసుకుని పరుపు వెడల్పు, మందం, ఇంట్లో ఉన్న ప్రతి దుప్పటి పొడవు, వెడల్పు ఒక కాగితం మీద రాయండి. పక్కన ఎంత వేలాడుతుందో లెక్క వేసి, ఏది పట్టీకి పనికొస్తుందో, ఏది ఐమూలగా వేయాలో గుర్తు పెట్టండి. కొత్తది కొనే ఆలోచన ఈ కాగితం నిండాకే. తర్వాత మూడు రోజులు పట్టీ, మూడు రోజులు ఐమూల వేసి, రోజూ గుమ్మంలో నిలబడి ఫోన్‌తో ఒక ఫొటో తీయండి. మంచం పక్కన నిలబడితే కనబడని వంకర ఫొటోలో ఇట్టే దొరుకుతుంది. ఆ ఆరు ఫొటోలు దాచిపెట్టండి. వచ్చే పాఠంలో దిండ్లు చేర్చేటప్పుడు వాటితోనే మొదలుపెడదాం.