చెస్ ఇంజన్‌లో డెప్త్ ఎక్కడ పెంచాలి?

డెప్త్ అంటే ఇంజన్ ఎన్ని ఎత్తులు ముందుకు చూస్తుందో ఆ లెక్క. తెల్ల బిషప్ ఆశపడి ఏ7లో బంటును తింది. నల్లవైపు బంటును బీ6కి జరిపి దారి మూసేసింది. ఇక బిషప్ పోయినట్టే. ఇంజన్ మాత్రం ఒప్పుకోదు: ముందు ఒక చెక్ ఇస్తుంది, తర్వాత మంత్రి మీదికి ఒక బంటును తోస్తుంది. ఒక్కోదానికి రెండేసి ఎత్తులు ఖర్చయి, బిషప్ చావు సెర్చ్ అంచు అవతలికి పోతుంది. కనబడలేదు కాబట్టి బతికే ఉందని దాని లెక్క. దీన్నే హొరైజన్ ఎఫెక్ట్ అంటారు.

ఇలాంటి బలవంతపు ఎత్తులను డెప్త్ లెక్కలోంచి మినహాయించాలి. ఇలా ఒక ఎత్తు దగ్గర డెప్త్ పెంచడమే ఎక్స్‌టెన్షన్. అది పెట్టేముందు నేను వేసుకునే ప్రశ్న ఒక్కటే: ఇక్కడ వేరే దారి ఉందా?

అంచున తినుడు ఎత్తులన్నీ తేలేదాకా చూసే క్వైసెన్స్ సెర్చ్ ముందు రాయండి. అది లేకుండా ఎక్స్‌టెన్షన్ల జోలికి రావద్దు. ఆ తర్వాత చెక్: రాజుకు చెక్ తగిలితే డెప్త్‌కి ఒకటి కలపండి. ఊరికే పావును పారేసుకునే చెక్‌లకు నేనైతే కలపను. ఏడో వరుసకు చేరిన బంటుకు కలపడం మీ ఇష్టం, నాకు పెద్దగా లాభం కనబడలేదు.

అసలు సరుకు సింగ్యులర్ ఎక్స్‌టెన్షన్. అనంతరామన్, క్యాంప్‌బెల్, షూ 1988లో దీన్ని ప్రతిపాదించారు, డీప్ బ్లూలోనూ వాడారు. ఇప్పుడు చాలామంది రాసే తీరు ఇది: హాష్ టేబుల్‌లో (ఇంతకుముందు చూసిన పొజిషన్ల ఫలితాలు దాచుకునే పట్టికలో) ఒక మంచి ఎత్తు, దాని స్కోరు ఉన్నాయనుకోండి. మిగిలిన డెప్త్ 8 లేదా అంతకన్నా ఎక్కువుంటే ఆ ఎత్తును పక్కనపెట్టి, మిగతావాటిని సగం డెప్త్‌లో వెతకండి. పోల్చాల్సింది ఆ స్కోరుకంటే కాస్త తక్కువ హద్దుతో. డెప్త్‌కి రెండు సెంటీపాన్ల (సెంటీపాన్ అంటే బంటు విలువలో వందో వంతు) చొప్పున తగ్గించి మొదలుపెట్టొచ్చు. ఏ ఎత్తూ ఆ హద్దును అందుకోలేదా? ఆ పొజిషన్‌లో దిక్కు అదొక్కటే, దానికి ఒకటి కలపండి. పక్కనపెట్టి వెతికే ఆ సెర్చ్ ఫలితాన్ని మాత్రం అదే హాష్ ఎంట్రీలో రాయకండి, అసలు స్కోరు పాడవుతుంది.

పగ్గం కూడా ఉండాలి. లేకపోతే వరస చెక్‌లతో సెర్చ్ చెట్టు (ఇంజన్ వెతికే ఎత్తుల కొమ్మలన్నీ) విపరీతంగా పెరుగుతుంది. మొదటి పొజిషన్ నుంచి దూరం, ఈ విడత సెర్చ్‌కి మొదట పెట్టుకున్న డెప్త్‌కి రెట్టింపు దాటితే ఇంకేమీ కలపకండి.

ఇవన్నీ పెట్టాక అదే టైమ్‌లో చేరే డెప్త్ ఒకటి రెండు తగ్గొచ్చు. దానికి టెన్షన్ వద్దు. పజిల్స్ ఎక్కువ విప్పుతోందని సంబరమూ వద్దు. పాత వెర్షన్‌తో సమాన టైమ్‌లో ఆడించండి. వంద గేములతో ఏమీ తేలదు, పది ఎలో (ఆట బలాన్ని కొలిచే రేటింగ్ పాయింట్లు) తేడా పట్టాలంటే వేలల్లో ఆడించాలి.