గిటార్ వాల్యూమ్ 7 దగ్గర పెట్టి, ఆ తర్వాత ఆంప్ ముట్టుకోండి

ఆంప్ (గిటార్ శబ్దాన్ని పెంచే ఆంప్లిఫైయర్) ఆన్ చేయగానే గిటార్ మీది వాల్యూమ్‌ను 10కి తిప్పేసి, ప్రోగ్రాం అయిపోయేదాకా దాన్ని మళ్లీ ముట్టుకోని అలవాటు మా కాజీపేట, హనుమకొండ పిల్లల్లో చాలామందికి ఉంది. సౌండ్ పెంచాలంటే ఆంప్ వైపు వంగుతారు. డిస్టార్షన్, అంటే గరుకు శబ్దం, కావాలంటే పెడల్ తొక్కుతారు. తగ్గించాలంటే మిక్సర్ దగ్గరున్న అన్నకు సైగ చేస్తారు. ఈ మూడు పనులూ పాట ఆగకుండా, కుడిచేతి చిటికెన వేలితో, గిటార్ మీదనే చేయొచ్చు. నేను ఆదివారాలు చర్చిలో, పెళ్లిళ్ల సీజన్‌లో ఆర్కెస్ట్రాతో వాయిస్తాను, సాయంత్రాలు పిల్లలకు నేర్పుతాను. అకూస్టిక్ నుంచి ఎలక్ట్రిక్‌కు మారినవాళ్లకు నేను అన్నిటికంటే ముందు చూపించేది ఈ ఒక్క నాబే.

ముందు గిటార్ సెట్ చేసుకోండి. వాల్యూమ్ 7, టోన్ 10. నాబ్ మీద అంకెలు లేకపోతే 10 ఎక్కడో, 7 ఎక్కడో తెల్ల నెయిల్ పాలిష్‌తో చుక్కలు పెట్టుకోండి, స్టేజీ మీద చీకట్లో కూడా కనబడతాయి. ఇప్పుడు ఆంప్ మీద గెయిన్‌ను (లోపలికి వచ్చే సిగ్నల్‌ను పెంచే నాబ్) కొద్దికొద్దిగా పెంచుతూ ఒక కార్డ్ వాయించండి. మెత్తగా మీటితే క్లీన్‌గా, గట్టిగా కొడితే అంచున కాస్త గరుకుగా వినబడే చోట ఆపేయండి. అంతే, ఇక ఆంప్‌తో పని లేదు. సోలో వచ్చినప్పుడు 10కి పోతారు, గరుకు చిక్కబడుతుంది, నోటు ఎక్కువసేపు నిలబడుతుంది. పాడేవాళ్ల వెనక వాయించాల్సి వస్తే 4కో 5కో దిగుతారు, కార్డ్‌లోని ఒక్కో తీగ విడివిడిగా వినబడుతుంది. 10 దగ్గర పెట్టి ఆంప్ సెట్ చేసుకున్నవాళ్లకు ఇంక పైకి పోయే దారి ఉండదు. అసలు తేడా అక్కడే ఉంది.

ఇది ఎందుకు పనిచేస్తుందో తెలిస్తే చెయ్యి దానంతట అదే పోతుంది. ఆంప్‌లో గానీ ఓవర్‌డ్రైవ్ పెడల్‌లో గానీ సిగ్నల్ ఎంతవరకు లేవొచ్చో ఒక హద్దు ఉంటుంది. గిటార్ నుంచి వచ్చే సిగ్నల్ ఆ హద్దు దాటితే దాని తల తెగిపోతుంది, దాన్నే క్లిప్పింగ్ అంటారు, మనకు వినబడే గరుకు అదే. గిటార్ వాల్యూమ్ తగ్గిస్తే లోపలికి పోయే సిగ్నల్ చిన్నదవుతుంది, తెగే భాగం తగ్గుతుంది. కానీ ఎలాగూ హద్దు దగ్గర తెగిపోతున్న సిగ్నల్ కాబట్టి బయటికి వచ్చే చప్పుడు మాత్రం అంతగా తగ్గదు. అందుకే డిస్టార్షన్ ఉన్న ఆంప్‌లో 10 నుంచి 6కి దిగితే గరుకు చాలా తగ్గుతుంది, చప్పుడు కొంచెమే తగ్గుతుంది. పూర్తి క్లీన్‌గా ఉన్న ఆంప్‌లో అదే పని చేస్తే చప్పుడు మాత్రమే తగ్గుతుంది. రెండూ ఇంట్లో పెట్టి విని చూడండి. ఈ తేడా చెవికి ఎక్కాలి, చదివితే ఎక్కదు.

వాల్యూమ్ పెడల్ కొనుక్కుంటే సరిపోదా అని కొందరు అడుగుతారు. దాన్ని డ్రైవ్ పెడల్ తర్వాత పెడితే గరుకు అలాగే ఉండి చప్పుడు మాత్రమే తగ్గుతుంది. ముందు పెడితే గిటార్ నాబ్ చేసే పని చేస్తుంది, కానీ కాలితో 7కీ 6కీ మధ్య ఆపడం కష్టం. వేలికి ఉన్న ఒడుపు పాదానికి ఉండదు.

మన ఫంక్షన్ హాళ్లలో ట్యూబ్ ఆంప్ కనబడటం అరుదు. మల్టీ ఎఫెక్ట్స్ (పలు ఎఫెక్ట్‌లు ఒకే పెట్టెలో ఉండేది) నుంచి వైరు నేరుగా మిక్సర్‌లోకి పోతుంది. అయినా ఈ పద్ధతి పనిచేస్తుంది, రెండు చోట్ల మాత్రం జాగ్రత్త పడాలి. ఒకటి నాయిస్ గేట్, అంటే చిన్న చప్పుళ్లను ఆపేసే ఎఫెక్ట్. అది ఎక్కువ పెట్టి ఉంటే మీరు 4కి దిగగానే నోటు తోకను కోసేస్తుంది. గిటార్ 4 మీద పెట్టి, మెత్తగా మీటి, నోటు సహజంగా ఆగేదాకా వినబడేలా గేట్ తగ్గించండి. రెండోది కంప్రెసర్, అంటే చిన్న, పెద్ద చప్పుళ్లను దగ్గరకు తెచ్చే ఎఫెక్ట్. డ్రైవ్‌కు ముందు గట్టిగా పనిచేసే కంప్రెసర్ ఉంటే మీరు తగ్గించిన సిగ్నల్‌ను అది మళ్లీ లేపి పెడుతుంది, నాబ్ తిప్పినా తిప్పనట్టే ఉంటుంది. నేనైతే తీసేస్తాను.

పాటలో ఎలా వాడాలో చెబుతాను. పల్లవి మొదటి రెండు వరుసలు 5 మీద, తీగలు విడదీసి వాయించండి. పల్లవి తిరిగి వచ్చినప్పుడు 7. చరణానికి ముందు వచ్చే బిట్‌కు 10. చరణం మొదలు కాగానే మళ్లీ 5. ఈ మార్పులు కార్డ్ మారే సందులో, కుడిచెయ్యి తీగల మీద నుంచి లేచే క్షణంలో జరగాలి. మొదట్లో తాళం తప్పుతుంది. అందుకే మెట్రోనోమ్ 60 మీద పెట్టి ఒకే కార్డ్‌తో సాధన చేయిస్తాను: నాలుగు మాత్రలు 5 మీద, నాలుగు మాత్రలు 7 మీద, నాలుగు 10 మీద, తిరిగి 5కి. చూడకుండా తిప్పడం వచ్చేదాకా వేరే పాట ఎత్తుకోవద్దు. చర్చిలో ప్రార్థన చెబుతుండగా వెనక మెత్తగా వాయించాల్సిన సందర్భాలుంటాయి, అక్కడ 3 మీద ఉన్న గిటార్ మాటకు అడ్డురాదు. గాయని గొంతు వినబడాలంటే గిటారిస్టే తగ్గాలి, సౌండ్ అన్న ఫేడర్ దించేదాకా ఆగొద్దు. "తమ్మీ, గిటార్ జర తగ్గించు" అని ఆయన మైకులో చెప్పాల్సిన అవసరమే రాకూడదు.

ఇక నాకు ప్రాణమైన పని, స్వెల్. వాల్యూమ్ 0 మీద పెట్టి తీగ మీటాలి. మీటిన దెబ్బ వినబడదు. వెంటనే చిటికెన వేలితో నాబ్‌ను పైకి తిప్పితే నోటు దెబ్బ లేకుండా, కమాను వేసిన వయొలిన్‌లా ఉబ్బి వస్తుంది. 1954లో వచ్చిన ఫెండర్ స్ట్రాటోకాస్టర్‌లో వాల్యూమ్ నాబ్ తీగలకు బాగా దగ్గరగా, చిటికెన వేలికి అందేలా ఉంటుంది కాబట్టి ఈ పనికి అది చాలా అనుకూలం. టెలికాస్టర్ మీద రాయ్ బుకానన్, స్ట్రాట్ మీద జెఫ్ బెక్ దీన్ని ఏ స్థాయికి తీసుకెళ్లారో వినండి. బెక్ పిక్ వదిలేసి వేళ్లతోనే వాయించేవాడు, చెయ్యి నాబ్‌కూ ట్రెమోలో బార్‌కూ (స్వరాన్ని వంచే కడ్డీ) అందేంత దగ్గరలోనే ఉండేది. మీరు పిక్‌తోనే మొదలుపెట్టండి. బొటనవేలు, చూపుడువేలు మధ్య పిక్, చిటికెన వేలు నాబ్ అంచుకు ఆనించి, మీటడం వేరు తిప్పడం వేరు అన్నట్టు కాకుండా ఒకే కదలికగా రావాలి. మళ్లీ 0కి దించడం పైకి లేపినంత ముఖ్యం. తర్వాతి దెబ్బ పడేలోగా దిగిపోవాలి. డిలే (ప్రతిధ్వని ఎఫెక్ట్) ఉంటే 400 మిల్లీసెకన్ల దగ్గర పెట్టండి, దించిన ఖాళీని అది నింపుతుంది. మన విలంబిత పాటల్లో ఆలాపన వచ్చే చోట ఒక్కో స్వరాన్ని ఇలా లేపి, పైకి జారితే వచ్చే ఆర్ద్రత కీబోర్డు మీద స్ట్రింగ్స్ నొక్కితే రాదు. ఇది నేను గట్టిగా నమ్మే మాట.

లెస్ పాల్ లాంటి రెండు వాల్యూమ్‌ల గిటార్ ఉంటే నెక్ పికప్‌ను (పికప్ అంటే తీగ కంపనాన్ని సిగ్నల్‌గా మార్చే భాగం) 5 మీద, బ్రిడ్జ్‌ను 10 మీద పెట్టుకుని స్విచ్‌తోనే రిథమ్, సోలో మార్చుకోవచ్చు. స్విచ్ మధ్యలో ఉన్నప్పుడు ఒక వాల్యూమ్‌ను పూర్తిగా 0 చేస్తే మామూలు వైరింగ్‌లో రెండు పికప్‌లూ మూగబోతాయి, గిటార్ పాడైందని కంగారు పడొద్దు.

వాల్యూమ్ తగ్గిస్తే ట్రెబుల్ పోయి మందంగా అవుతోందనేది అందరూ చెప్పే ఫిర్యాదు. నిజమే. 10 మీద ఉన్నప్పుడు పికప్‌కూ వైరుకూ మధ్య అడ్డేమీ ఉండదు. తగ్గించగానే నాబ్ లోపలి రెసిస్టెన్స్ దారిలోకి వస్తుంది, అది వైరులోని కెపాసిటెన్స్‌తో కలిసి పై ఫ్రీక్వెన్సీలను తినేస్తుంది. గిటార్ వైరు మీటరుకు దాదాపు 100 పికోఫారడ్ ఉంటుంది, అంటే 6 మీటర్ల వైరులో 3 మీటర్ల దానికంటే రెట్టింపు ఉంటుంది. కాబట్టి మొదటి వైద్యం పొట్టి వైరు. ఇంట్లో సాధనకు 3 మీటర్లు చాలు.

అది చాలకపోతే ట్రెబుల్ బ్లీడ్, అంటే వాల్యూమ్ తగ్గించినా ట్రెబుల్ నిలిచేలా చేసే చిన్న సర్క్యూట్. వాల్యూమ్ పాట్‌కు (నాబ్ కింద ఉండే, తిప్పే రెసిస్టర్) మూడు కాళ్లుంటాయి: పికప్ వైరు వచ్చేది, జాక్‌కు పోయేది, గ్రౌండ్ అయ్యేది. మొదటి రెండింటి మధ్య 1000 పికోఫారడ్ కెపాసిటర్, దానికి సమాంతరంగా 150 కిలోఓమ్ రెసిస్టర్ సోల్డర్ చేస్తే చాలు. కెపాసిటర్ మీద 102 అని రాసి ఉంటుంది, రెసిస్టర్ మీద గోధుమ, ఆకుపచ్చ, పసుపు పట్టీలు. ఏ ఎలక్ట్రానిక్స్ దుకాణంలోనైనా చిల్లర డబ్బులకు దొరుకుతాయి. రెసిస్టర్ లేకుండా కెపాసిటర్ ఒక్కటే పెడితే 3, 4 దగ్గర శబ్దం పీలగా, గీసినట్టు వస్తుంది. సోల్డరింగ్ ఐరన్‌ను పాట్ కాలి మీద ఎక్కువసేపు ఆనించొద్దు, లోపలి కార్బన్ ట్రాక్ కాలుతుంది. ఇంకో దారి కూడా ఉంది. టోన్ నాబ్‌కు పోయే వైరును పికప్ కాలి మీద నుంచి తీసి జాక్‌కు పోయే కాలికి మార్చడం, దీన్ని ఫిఫ్టీస్ వైరింగ్ అంటారు. కొత్త భాగాలేవీ అక్కర్లేదు, కానీ టోన్ తిప్పితే వాల్యూమ్ కూడా కాస్త కదులుతుంది. నేను హంబకర్ (రెండు కాయిళ్ల పికప్) గిటార్‌కు ట్రెబుల్ బ్లీడ్ పెట్టుకున్నాను, ఎందుకంటే అది తగ్గిస్తే నిజంగానే బురదగా అవుతుంది. సింగిల్ కాయిల్ గిటార్‌కు పెట్టలేదు. 7 దగ్గర దాని పదును కొంచెం తగ్గడమే నాకు కావాలి.

పాట్ మార్చాల్సి వస్తే సింగిల్ కాయిల్‌కు 250 కిలోఓమ్, హంబకర్‌కు 500 కిలోఓమ్ సాధారణంగా వాడతారు. దాని మీద A అని ఉంటే ఆడియో టేపర్, B అని ఉంటే లీనియర్. B పాట్ సగం తిప్పితే సిగ్నల్ సగానికి, అంటే 6 డెసిబెల్స్ దిగుతుంది. A పాట్ అదే చోట 15, 20 డెసిబెల్స్ దాకా దిగిపోతుంది. స్వెల్ ఎక్కువగా చేసేవాళ్లకు A నయం, 0 నుంచి నెమ్మదిగా లేస్తుంది. B అయితే మొదటి కొంచెం తిప్పుడులోనే ఒక్కసారిగా ఎగిరిపోతుంది. గిటార్ మారితే 7 అర్థం కూడా మారుతుందని దీన్నిబట్టి గుర్తుపెట్టుకోండి. అంకెకంటే చెవినే నమ్మాలి.

ఫజ్ (బాగా గరుకైన డిస్టార్షన్ పెడల్) వాడేవాళ్లకు ఒక మాట. ఫజ్ ఫేస్ రకం పెడల్, ముఖ్యంగా జెర్మేనియం ట్రాన్సిస్టర్లది, గిటార్ వాల్యూమ్ 6, 7 మధ్యకు దించితే అద్భుతంగా క్లీన్ అవుతుంది. అయితే గిటార్‌కూ దానికీ మధ్య వేరే బఫర్ (సిగ్నల్‌ను బలపరిచే సర్క్యూట్) ఉన్న పెడల్ గానీ, వైర్‌లెస్ గానీ ఉండకూడదు. పికప్ నేరుగా దానికే తగలాలి.

నాబ్ తిప్పితే గరగర వస్తుంటే, కాంటాక్ట్ క్లీనర్ స్ప్రేను పాట్ కాళ్ల పైన ఉండే సందులోకి కొద్దిగా కొట్టి ఈ చివరి నుంచి ఆ చివరికి బాగా తిప్పండి. మన ఎండాకాలం దుమ్ము, చేతి చెమట కలిసి చేసే పని ఇది. తుప్పు వదిలించే మామూలు ఆయిల్ స్ప్రే వాడొద్దు. ఒక పెడల్ తగిలించినప్పుడు మాత్రమే గరగర వచ్చి, అది తీసేస్తే పోతే తప్పు పాట్‌ది కాదు. ఆ పెడల్ ఇన్‌పుట్ కెపాసిటర్ లీకై కరెంటు వెనక్కి వస్తోంది, దాన్ని రిపేరుకు ఇవ్వండి. వాల్యూమ్ 0 చేసినా గుయ్ మని హమ్ ఆగకపోతే పికప్‌ను తిట్టి లాభం లేదు. 0 మీద గిటార్ అవుట్‌పుట్ గ్రౌండ్‌కు కలిసిపోతుంది, కాబట్టి ఆ హమ్ వైరుదో, ఆంప్‌దో, కరెంటు లైనుదో. జనరేటర్ మీద నడిచే ఫంక్షన్లలో ఎర్తింగ్ లేని సాకెట్లు మామూలే. అలాంటి చోట ఒక చెయ్యి తీగల మీద ఉండగా పెదవులను మైకుకు ఆనించే ముందు, మైకు జాలీకి టెస్టర్ పెట్టి చూడండి. లైటు వెలిగితే ఎలక్ట్రీషియన్ సరిచేసేదాకా గిటార్ భుజాన వేసుకోవద్దు.