బండిలో నిద్ర – 4వ పాఠం: పరుపు కింద నీళ్ళెక్కడివి?

ఈసారి దుప్పట్లు, దిండ్ల గురించి చెప్తానని మాటిచ్చాను. అవి చివర్లో నాలుగు ముక్కల్లో తేల్చేస్తాను, ఏమనుకోకండి. 3వ పాఠం చూసి, ప్రయాణాల్లో రాత్రిళ్ళు పడుకునేందుకు తమ వ్యాన్లలో పడక బల్ల కొట్టించుకున్నవాళ్ళు వరసగా ఫోన్లు చేశారు. అందరిదీ ఒకటే గోల. రాజాం నుంచి ఒకాయన: "ఏటి గురూగారూ, మీరు సెప్పినట్టే సేసినాం. కళింగపట్నం బీచికాడ రెండు రాత్రులు పడుకున్నాం. పరుపెత్తి సూస్తే కింద నీరు!"

నరసన్నపేట ఆయనైతే పైకప్పు కారుతోందనుకుని రెండుసార్లు సీలెంటు పూయించాడు. చీపురుపల్లి ఆవిడ మూడేళ్ళ పిల్లాడిని అనుమానించి కోప్పడిందట. పాపం వాడికేం తెలుసు.

ముందు నా తప్పు ఒప్పుకోవాలి. 12 ఎం.ఎం. ప్లైవుడ్ వేయమన్నాను, కొలతలు ఇచ్చాను, బందులు ఎక్కడ బిగించాలో కూడా చెప్పాను. బల్లకు బొక్కలు పెట్టమనడం మర్చిపోయాను. మర్చిపోవడానికి కారణం, మా బండిలో అసలు బల్లే లేదు. ఇనుప చట్రానికి నైలాన్ నవారు అల్లించుకున్నాను. చిన్నప్పటి నుంచి నవారు మంచం మీద పడుకున్న ఒళ్ళు, ఇంకోటి ఒప్పదు. నవారు కింద గాలి ఆడుతుంది కాబట్టి ఈ తడి నాకెప్పుడూ ఎదురు కాలేదు. మీకు బల్ల ఎందుకు చెప్పానంటే, నవారు బిగించి అల్లే చేతులు ఇప్పుడు దొరకడం కష్టం. బల్ల అయితే ఏ వడ్రంగైనా పూటలో కొట్టి ఇచ్చేస్తాడు.

ఇక నీళ్ళ సంగతి. అవి పైకప్పు నుంచి రాలేదు, మీ ఒంట్లోంచి వచ్చాయి. నిద్రలో ఊపిరిగా, చెమటగా ఒక మనిషి నుంచి రాత్రికి సుమారు పావు లీటరు నీరు బయటికి పోతుంది. ఉక్కపోత రోజుల్లో ఇంకా ఎక్కువ. ఇంట్లో గది పెద్దది కాబట్టి ఆ ఆవిరి ఎటో పోతుంది. బండిలో అద్దాలు బిగించుకుని ముగ్గురు పడుకుంటే ముప్పావు లీటరు ఎక్కడికి పోతుంది? కొంత అద్దాలకు పడుతుంది, అది పొద్దున్నే కనిపిస్తుంది. కొంత పరుపులోకి దిగుతుంది, అది కనపడదు. పరుపు పైభాగం ఒంటి వేడికి వెచ్చగా ఉంటుంది. అడుగున బల్ల రాత్రి గాలికి చల్లబడి ఉంటుంది. చెంబులో చల్లటి నీళ్ళు పోస్తే బయట చెమర్చినట్టే, వెచ్చటి ఆవిరి చల్లటి బల్లకు తగిలి నీరవుతుంది. పైకి పోదామంటే మీరు పడుకుని ఉన్నారు, కిందికి పోదామంటే ప్లైవుడ్. మూడో రాత్రికి నల్ల మచ్చలు, బూజు వాసన.

బీచి దగ్గర దీనికి ఇంకొకటి తోడవుతుంది. సముద్రపు గాలిలో సన్నటి ఉప్పు ఉంటుంది, అది దుప్పట్లో దిగుతుంది. వానాకాలంలో మూత సరిగ్గా పెట్టని ఉప్పు జాడీ ఏమవుతుందో ప్రతి వంటింట్లో తెలుసు. మీ దుప్పటీ అంతే, గాలిలో తేమను పీల్చుకుంటూనే ఉంటుంది. అందుకే కళింగపట్నంలోనో, బారువలోనో రెండు రాత్రులు ఉన్న గుడ్డలను ఇంటికొచ్చాక ఎండలో వేస్తే చాలదు. మంచినీళ్ళలో జాడించి ఆరేయాలి.

ఇప్పుడు నాకు కోపం తెప్పించే విషయం. ఫోన్ చేసినవాళ్ళందరినీ ఒకే ప్రశ్న అడిగాను: "పరుపుకి వచ్చిన పాలిథీన్ కవరు తీశారా?" సగానికి పైగా తీయలేదు! అడిగితే ఒక్కొక్కరిదీ ఒక కారణం. కొత్తది కదా, మాసిపోతుందని. గ్యారంటీ పోతుందని. పిల్లలు ఉన్నారని. ఒకాయనైతే, "తడి తగలకుండా చూసుకోమని మీరే రాశారు కదా, అందుకే దాని మీద ఇంకో టార్పాలిన్ కూడా చుట్టాను" అన్నాడు. మా పిన్ని పక్కనే ఉండి విని, "అది పరుపు కాదురా బావూ, ఊరగాయ జాడీ" అంది.

వాన రోజున రెయిన్‌కోటు వేసుకుని శ్రీకాకుళం నుంచి ఆమదాలవలస దాకా స్కూటర్ మీద వెళ్ళండి. వాన ఆగాక కోటు విప్పితే చొక్కా తడిసే ఉంటుంది. అది వాన నీరు కాదు, మీ చెమట. పాలిథీన్ బయటి నీటిని ఆపుతుంది, లోపలి నీటినీ ఆపుతుంది. మీ నీరు వచ్చేది లోపలి నుంచి. కాబట్టి ఆ కవరు తీయకపోతే మీరు పరుపుకి రెయిన్‌కోటు తొడిగి దాని మీద పడుకున్నట్టే. పైగా దుప్పటి జారుతుంది, పక్కకు తిరిగితే చరచరమని చప్పుడు, నడుం కింద చెమట పూస్తుంది. "మాకేం తడి పట్టలేదే" అనేవాళ్ళూ ఉంటారు. కవరుకి ఎక్కడో చిరుగు ఉంటుంది, ఆవిరి అందులోంచి లోపలికి దూరుతుంది. దూరింది బయటికి రాదు. అది ఇంకా అన్యాయం.

రెక్సిన్ కుట్టించినా ఇదే కథ. సీట్లకు రెక్సిన్ మంచిది, తుడుచుకోవచ్చు. పడకకు పనికిరాదు. సీటే పడకగా మారే బండి అయితే రాత్రి దాని మీద మందపాటి బొంత పరవక తప్పదు. గ్యారంటీ కార్డు, లేబులు భయం ఉంటే వాటిని కత్తిరించి బండి కాగితాలతో పాటు పెట్టుకోండి. చంటిపిల్లలు ఉంటే వాళ్ళు పడుకునే జాగా మేరకు చిన్న రబ్బరు షీటు చాలు, పరుపంతా అక్కర్లేదు. మాసిపోతుందంటే జిప్పు ఉన్న నూలు గవుసు కుట్టించండి. మాసితే ఉతుకుతాం, అంతే కదా!

కవరు తీశాక బల్ల సంగతి. కొత్తగా చేయించేవాళ్ళు ప్లైవుడ్ మానేసి పట్టీలు వేయించండి. అంగుళం మందం, 3 అంగుళాల వెడల్పు, మధ్యలో 2 అంగుళాల సందు. సందు 3 దాటితే ఫోమ్ అందులోకి దిగబడి పొద్దున్నకి వీపు మీద గీతలు పడతాయి. ఇప్పటికే ప్లైవుడ్ వేసినవాళ్ళు దాన్ని పీకక్కర్లేదు. ప్రతి 6 అంగుళాలకూ ఒక అంగుళం బొక్క. 6 అడుగుల పొడవు, 4 అడుగుల వెడల్పు బల్లకు డెబ్బై పైచిలుకు పడతాయి, వడ్రంగి తిట్టుకుంటాడు, టీ ఇప్పించండి. బొక్కల కింద సామాన్ల పెట్టె ఉంటే దానికీ గాలి పోయే దారి ఉండాలి. నా అడ్డదారి ఒకటుంది: మేదర్ల దగ్గర వెదురు దబ్బలతో అల్లిన తడక కొని బల్లకీ పరుపుకీ మధ్య పరవండి. చవక, తేలిక, కావలసినంత గాలి.

పరుపు ఏది? అంగడిలో ఫోమ్‌కి 32, 40 అని నంబర్లు చెప్తారు. అవి గట్టిదనం కాదు, ఒక ఘనపు మీటరు ఫోమ్ ఎన్ని కిలోలు తూగుతుందో ఆ లెక్క. 40 ఉన్నది మెత్తగానూ ఉండొచ్చు, 32 ఉన్నది గట్టిగానూ ఉండొచ్చు. నంబరు ఎక్కువైతే త్వరగా అణిగిపోదు. 6 అడుగులు, 4 అడుగులు, 4 అంగుళాల మందం పరుపు 40లో 9 కిలోలు తూగుతుంది, 32లో 7 కిలోల పైన. బండికి ప్రతి కిలో లెక్కే అయినా, త్వరగా అణగదు కాబట్టి నా ఓటు 4 అంగుళాల 40కి. లావుగా ఉన్నవాళ్ళు 5 అంగుళాలు తీసుకోండి.

మెమరీ ఫోమ్ గురించి చాలామంది అడిగారు. నాకు నచ్చదు. విజయనగరం నుంచి ఎస్.కోట (శృంగవరపుకోట) మీదుగా ఘాటెక్కి అరకు వెళ్ళారనుకోండి, అక్కడ డిసెంబరు రాత్రులు 10 డిగ్రీల లోపుకి దిగుతాయి. చలికి ఆ ఫోమ్ బిగుసుకుపోయి చెక్కలా ఉంటుంది, ఒళ్ళు తగిలి వెచ్చబడితేగాని మెత్తబడదు. అదే పరుపు మే నెలలో కింద మైదానంలో మనిషిని లోపలికి లాక్కుని ఉడకబెడుతుంది. కొబ్బరిపీచు పరుపు గాలి ఆడుతుంది కానీ మడతపడే సీట్ల మీద పనికిరాదు, మడత దగ్గర విరుగుతుంది. దూది పరుపు బరువు, తేమ పీలుస్తుంది, కానీ ఒక పూట ఎండ చూపిస్తే ప్రాణం లేచొస్తుంది. బూరుగు దూది తేలికే, అయితే ఉండలు కడుతుంది. దిండుకి వాడండి. దిండు గురించి ఇంతే.

బ్రిటన్‌లో కారు వెనక లాక్కెళ్ళే టూరింగ్ కేరవాన్లలో కూడా పగలు కూర్చునే సీట్ల మెత్తలే రాత్రి పక్క అవుతాయి. మెత్తకీ మెత్తకీ మధ్య అతుకు నడుం కింద గుచ్చుకుంటుంది. అక్కడ పైన పల్చటి పరుపు ఒకటి పరుచుకుంటారు. మనకి పాత నూలు చీరల బొంత ఉంది కదా, రెండు మడతలు వేయండి.

దుప్పటి నూలుదే. వాలుగ చేప దవడ ఎముకతో దూది దువ్వే పొందూరు పక్కనే ఉండగా పాలిస్టర్ దుప్పటి కొన్నవాళ్ళతో నేను వాదించను. పొందూరు ఖద్దరు ఖరీదనుకుంటే పాత నూలు పంచె చాలు. చలికి ఒక లావాటి రగ్గు కంటే రెండు పల్చటి బొంతలు నయం, అర్ధరాత్రి ఒకటి తన్నేయొచ్చు.

అభ్యాసం. ఎక్కడికీ వెళ్ళకండి. బండి ఇంటి ముందే పెట్టి వరసగా మూడు రాత్రులు అందులో పడుకోండి. పరుపుకీ బల్లకీ మధ్య నడుం దగ్గర ఒకటి, కాళ్ళ దగ్గర ఒకటి పాత పేపరు పరవండి. మొదటి రాత్రి అద్దాలన్నీ మూసి, రెండో రాత్రి ఎదురెదురు అద్దాలు రెండు వేళ్ళ సందు తీసి, మూడో రాత్రి తడక వేసి. పడుకునే ముందు, లేచిన వెంటనే పరుపును తూకం వేయండి. బియ్యం కొట్టు కాటా అడిగితే ఇస్తారు, కాస్త నవ్వుతారు. తేడా రాసి పెట్టుకోండి. పేపర్లు ముట్టుకుని చూసి, ఏ రాత్రివో పెన్నుతో రాసి దాచండి. 5వ పాఠంలో కిటికీలకు దోమల మెష్ బిగించేటప్పుడు ఏ పక్కది తెరిచి ఉంచాలో ఆ పేపర్లు చూసే చెప్తాను.