ఫాల్గుణ మాసంలో ఉమామహేశ్వరం కొండకు కాలినడకన వెళ్లే విధానం

నల్లమలను చూడాలంటే వానలు పడిన తర్వాతే వెళ్లాలని చాలామంది అనుకుంటారు. జలపాతాల కోసం వెళ్లేవారికి ఆ మాట సరిపోతుంది గానీ, నడిచి చూడాలనుకునేవారికి మాఘం చివరి నుంచి ఉగాది వరకు ఉండే కాలమే అన్నింటికన్నా మంచిది. అప్పటికి చెట్లు ఆకు రాల్చి ఉంటాయి కనుక కొండరాయి, లోయ అంచు, కొమ్మ మీది పిట్ట ఏ అడ్డూ లేకుండా కనిపిస్తాయి. పైగా ఈ అడవిలో చాలా చెట్లకు ఆకుల కంటే ముందు పూలు వస్తాయి. చైత్రం సగమయ్యేసరికి ఎండ ముదిరి రాయి కాలిపోతుంది కాబట్టి, హోలీకి కాస్త ముందో వెనకో ప్రయాణం పెట్టుకోవడం ఉత్తమం.

మొదటిసారి వెళ్లేవారు రంగాపూర్ నుంచి ఉమామహేశ్వరం కొండ ఎక్కాలని నా సూచన. నాగర్‌కర్నూల్ జిల్లా అచ్చంపేట మండలంలోని ఈ ఊరు 2016లో జరిగిన జిల్లాల పునర్విభజన వరకు మహబూబ్‌నగర్ జిల్లాలో ఉండేది. ఉమామహేశ్వరం శ్రీశైలానికి ఉత్తర ద్వారంగా పేరొందిన శివక్షేత్రం కావడం వల్ల భక్తుల రాకపోకలు ఉంటాయి, దారి తప్పుతామన్న భయం ఉండదు. వాహనాలు పైదాకా వెళ్లే ఘాట్ రోడ్డు ఉన్నప్పటికీ, నడక కోసం వచ్చినవారు మెట్ల దారినే పట్టాలి.

తెల్లవారి వెలుగు బాగా వచ్చాకే బయలుదేరండి. ఇప్పపూలు రాత్రిపూట రాలుతాయి. తీయగా, కండగా ఉండే ఆ పూల కోసం ఎలుగుబంట్లు వేకువజామున చెట్ల కిందికి చేరుతాయి. అందుకే చీకటి ఉండగా ఇప్పచెట్ల వైపు వెళ్లకూడదు, మలుపుల దగ్గర నలుగురూ మాట్లాడుకుంటూ నడవాలి. ఒకవేళ ఎలుగు ఎదురైతే పరుగెత్తకుండా, దాని మీద నుంచి చూపు తిప్పకుండా మెల్లగా వెనక్కి జరగాలి.

కింద మైదానంలో కనిపించే రాయికీ కొండ మీది రాయికీ ఉన్న తేడాను గమనించకుండా ముందుకు వెళ్లవద్దు. అచ్చంపేట చుట్టుపక్కల పొలాల మధ్య ఉన్నవి గుండ్రంగా అరిగిన గ్రానైటు గుండ్లు. పైకి వెళ్లేకొద్దీ పలకలు పలకలుగా పేర్చినట్టున్న క్వార్ట్‌జైట్ మొదలవుతుంది. వంద కోట్ల సంవత్సరాలకు పైగా వెనక నీటి అడుగున పేరుకున్న ఇసుక గట్టిపడి ఈ రాయి అయింది. వాననీరు ఈ రాతి పగుళ్లలోకి ఇంకి నెమ్మదిగా దిగుతుంది. గుడి దగ్గర పాపనాశనం అనే చోట కొండలోంచి నీరు ఊరడానికి కారణం అదే. చరియ కింద నిలబడి తల పైకెత్తి చూస్తే, రాతి పొరలు ఇంటి కప్పులా ముందుకు పొడుచుకొచ్చి ఉంటాయి.

ఇక చెట్లు. మోదుగను గుర్తుపట్టడం అందరికీ తెలిసిందే, అయినా రాలిన పువ్వునొకదాన్ని చేతిలోకి తీసుకోండి. నల్లటి మఖమలు లాంటి తొడిమ, దాని మీద చిలుక ముక్కులా వంగిన నారింజరంగు రేకు, రేకు వెలుపల వేలికి మెత్తగా తగిలే సన్నని నూగు. తేనె కోసం గోరింకలు, చిలుకలు ఉదయంపూట ఈ చెట్టు మీదే మూగుతాయి కనుక పిట్టలను చూడాలనుకునేవారు ఒక మోదుగను ఎంచుకొని కాసేపు కదలకుండా కూర్చుంటే చాలు. ఒక్క ఆకూ లేని కొమ్మల చివర అరచేయంత పసుపు పూలు పూసి ఉంటే అది కొండగోగు. తెల్లగా నున్నగా, కాగితంలా పొరలూడే బెరడున్నది తపసి. చెంచులు జిగురు సేకరించే చెట్లలో ఇది ముఖ్యమైనది. ఇప్పపువ్వు, జిగురు, తేనె వారి జీవనాధారాలు కాబట్టి చెట్టు బెరడుకు గాటు పెట్టడం, వారు ఏరుకునే పూలను మూటగట్టుకోవడం ఎంతమాత్రం తగదు.

మనిషికి మూడు లీటర్ల నీళ్లు, పాదం మొత్తం కప్పే బూట్లు, టోపీ తప్పనిసరి. అత్తరు పూసుకొని రాకూడదు. చరియలకు పెద్ద తేనెపట్లు ఉంటాయి, ఘాటైన వాసనకూ పొగకూ ఆ ఈగలు రేగుతాయి. కోతులుంటాయి కాబట్టి తినుబండారాలు సంచిలోనే ఉంచండి. అన్నింటికన్నా ముఖ్యమైనది నిప్పు: ఈ కాలంలో నేలంతా ఎండుటాకు పరుచుకొని ఉంటుంది, ఆర్పకుండా పారేసిన ఒక్క బీడీ ముక్క కొండవాలునంతా కాల్చేస్తుంది. అగ్గిపెట్టెను ఇంటి దగ్గరే వదిలి రండి.

గుడి దారి విడిచి అడవి లోపలికి పోవాలని ఎంత అనిపించినా, అటవీ శాఖ అనుమతి లేకుండా వెళ్లకూడదు. అమ్రాబాద్ పులుల అభయారణ్యం 2,600 చదరపు కిలోమీటర్లకు పైబడినది. అందులో ఫరహాబాద్ వంటి చోట్లు చూడాలంటే మన్ననూరులోని అటవీ శాఖవారిని అడిగి, వారి వాహనంలోనే వెళ్లాలి. రాత్రి తొమ్మిది నుంచి ఉదయం ఆరు వరకు అడవి గుండా వాహనాలను పోనివ్వరు కనుక, కొండ దిగాక శ్రీశైలం వెళ్లదలచినవారు సాయంత్రం వెలుగుండగానే మన్ననూరు చెక్‌పోస్టు దాటేలా చూసుకోవాలి.